సవరణ: గంట పాఠానికి 79 గంటలు చాలవు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులకు మేం చేస్తున్న ఆన్‌లైన్ కోర్సు గురించి పోయిన వారం రాస్తూ, గంట పాఠం తయారీకి 79 గంటల పని అని, మా రెండు గంటల కోర్సుకు 158 సరిపోతాయని చెప్పాను. తప్పు. శిక్షణ పాఠాల తయారీకి పట్టే సమయంపై చాప్‌మన్ అలయన్స్ అనే సలహా సంస్థ చేసిన 2010 నాటి సర్వేలో ఆ అంకె స్లైడ్లు, బొమ్మలు, చిన్న ప్రశ్నలతో సరిపెట్టే పాఠాలకు సగటు. మా దాంట్లో రైతు చెక్ ట్రేలో (రొయ్యలు ఎంత తిన్నాయో చూడ్డానికి చెరువులో దించే పళ్లెం) మిగిలిన మేత చూసి తర్వాతి పూట ఎంత వెయ్యాలో తనే తేల్చాలి; దాన్నిబట్టి పాఠం దారి మారుతుంది. అలాంటివాటికి అదే సర్వే సగటు 184. అంటే మాకు 368 గంటలు!

ఇంకోటి. ఇవి స్క్రిప్టు రాసేవారు, ఎడిటరు, నిపుణుడు అందరి పనిగంటలూ కలిపి. నేనేమో 158ని రోజుకు ఎనిమిది గంటల లెక్కన భాగించి 'ఇరవై రోజులు' అనేశాను. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయిందంటే మా నిపుణుడు ఆ రోజంతా ఫోనెత్తడు. ఆయన చూసి సరే అనేదాకా పాఠం కదలదు. ఏరియేటర్ల (నీటికి గాలి పట్టించే యంత్రాల) మోతలో గట్టు మీద తీసిన ఆడియో ఎలాగూ మళ్లీ రికార్డు చెయ్యాలి.

సంక్రాంతిలోపు ఇస్తామన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను.