చిన్నవవుతున్నాయి కదా, ఆగుతాయి లెండి

మా అన్నయ్య కూతురు ఎం.ఎస్సీ. ప్రవేశ పరీక్ష కోసం చెన్నై వెలచ్చేరిలో ఒక కోచింగ్ సెంటరుకు వెళుతోంది. మొన్న ఆదివారం పెట్టిన పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. ఒకటికి అర కలుపు, మూడో వంతు కలుపు, నాలుగో వంతు కలుపు, అలా ఎడతెగకుండా కలుపుతూ పో. ఈ హరాత్మక శ్రేణి అభిసరిస్తుందా, అపసరిస్తుందా? అంటే మొత్తం ఏదో ఒక సంఖ్య దగ్గర స్థిరపడుతుందా, లేక హద్దు లేకుండా పెరుగుతుందా అని. పిల్ల ‘అపసరిస్తుంది’ అని గుర్తు పెట్టింది. కీలో ‘అభిసరిస్తుంది’ అని ఉంది. రావలసిన మార్కు రాలేదు సరికదా, తప్పు రాసినందుకు మూడో వంతు మార్కు కోసేశారు. శ్రేణిలోని మూడో పదాన్నే శిక్షగా వెయ్యడంలో ఒక సొగసు ఉందని ఒప్పుకోవాలి.

అచ్చుతప్పు అనుకున్నాను. అచ్చుతప్పులు పంచాంగంలోనూ పడతాయి. కాని పిల్ల వెళ్లి అడిగితే మాస్టారు దిద్దలేదు, సమర్థించారు. “పదాలు చిన్నవవుతూ సున్నాకు పోతున్నాయి కదమ్మా. సున్నాలు ఎన్ని కలిపితే మాత్రం ఏమొస్తుంది? ఎక్కడో ఒకచోట ఆగుతుంది” అన్నారట.

ఇంత పెద్ద ఆవిష్కరణ వెలచ్చేరిలో, అదీ మూడో అంతస్తులో, ఏసీ పని చెయ్యని గదిలో జరిగిపోతే పత్రికలు పట్టించుకోకపోవడం అన్యాయం. నికోల్ ఒరేమ్ అనే ఫ్రెంచి మతాచార్యుడు 1350 ప్రాంతంలోనే ఈ శ్రేణి ఆగదని నిరూపించాడు. పాపం, ఆయనకు కోచింగ్ లేదు. ఆయన చేసిందల్లా పదాలను గుంపులు కట్టడం. మూడో వంతూ నాలుగో వంతూ కలిపితే అర కన్నా ఎక్కువ. అయిదో వంతు నుంచి ఎనిమిదో వంతు దాకా నాలుగు పదాలు, వాటి మొత్తమూ అర కన్నా ఎక్కువ. ఆ తరవాత ఎనిమిది పదాలు, మళ్లీ అర దాటుతుంది. ఆ తరవాత పదహారు. గుంపు పెద్దదవుతూ పోవచ్చు గాని, ప్రతి గుంపూ కనీసం ఒక అర తెచ్చి బల్ల మీద పెడుతుంది. గుంపులకు అంతు లేదు. అర తరవాత అర, అర తరవాత అర వచ్చి పడుతుంటే మొత్తం ఎక్కడ ఆగుతుందో మాస్టారే చెప్పాలి. ఇదంతా పిల్ల ప్రశ్నపత్రం అంచున నాలుగు పంక్తుల్లో రాసింది. అంచున రాసినదానికి మార్కులుండవట.

పదాలు సున్నాకు పోకపోతే శ్రేణి అభిసరించదు, నిజమే. పోయినంత మాత్రాన అభిసరిస్తుందని ఎవరన్నారు? టికెట్టు లేకపోతే రైలెక్కనివ్వరు. టికెట్టుంటే సీటు దొరికినట్టేనా? చెన్నై సెంట్రల్‌లో పండగ ముందు రోజు ఒక్కసారి నిలబడి చూస్తే ఈ తేడా ఎవరికైనా బోధపడుతుంది.

మాస్టారి ఆ మహావాక్యం మీద నాకింత మక్కువ కలగడానికి సొంత కారణం ఒకటుంది. నంగనల్లూరులో మేం ఖాళీ చేసిన ఇంటికి పది నెలల అడ్వాన్సు, లక్షా యాభై వేలు, రావలసి ఉంది. ఇంటి యజమాని పెద్దాయన, లెక్కల గుమాస్తాగా పదవీ విరమణ చేసిన మనిషి. కాఫీ ఇచ్చి, ఊయలబల్ల మీద కూర్చోబెట్టి, ఎంతో మర్యాదగా చెప్పారు: “ఒకేసారి కుదరదండీ. ప్రతి శుక్రవారం మిగిలినదాంట్లో సగం ఇస్తాను. ఎప్పటికీ ఇస్తూనే ఉంటాను.”

ఆ చివరి మాటలో పిసరంత అబద్ధం లేదు. మొదటి వారం 75,000. రెండో వారం 37,500. తరవాత 18,750. సగాల గుణశ్రేఢి ఇది. మొత్తం లక్షా యాభై వేలకు ఎంత కావాలంటే అంత దగ్గరికి వస్తుంది, కాని ఏ శుక్రవారమూ తాకదు. పద్దెనిమిదో వారానికి ఆయన నాకు ఉండే బాకీ 57 పైసలు. ఆ 57 పైసల కోసం నేను జీవితాంతం నంగనల్లూరు వెళ్లవచ్చు. వెళ్లిన ప్రతిసారీ కాఫీ ఇస్తారు.

నాకు దురాశ పుట్టింది. “పెద్దవారు, మీకు ఇబ్బంది ఎందుకు? సగాలు వద్దు. మొదటి వారం ఒక్క రూపాయి ఇవ్వండి. రెండో వారం అర్ధరూపాయి. మూడో వారం రూపాయిలో మూడో వంతు. అలా ఇస్తూ పొండి, ఎక్కడా ఆపకూడదు, అంతే” అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని నా వంక జాలిగా చూశారు. “చిన్నవవుతున్నాయి కదా, ఆగుతాయి లెండి” అని వెంటనే ఒప్పుకున్నారు. ఆయన వెలచ్చేరిలో చదువుకోలేదు. ఈ సిద్ధాంతం మన గాలిలోనే ఉన్నట్టుంది.

ఆగదు. నిక్షేపంగా లక్షా యాభై వేలు దాటుతుంది, కోటి దాటుతుంది, ఆ ఇల్లూ ఆ వీధీ చాలనంత అవుతుంది. విజయగర్వంతో ఇంటికొచ్చి పిల్లకు చెప్పాను. అది కాగితం తీసి లెక్క కట్టింది. “రెండు రూపాయలు దాటడానికి నాలుగు వారాలు, బాబాయ్. అయిదు దాటడానికి 83. పది రూపాయలు దాటడానికి 12,367 వారాలు.” అంటే 237 ఏళ్లు. మా వంశం నిలవాలి, ఆయన వంశం నిలవాలి, నంగనల్లూరు సముద్రంలో కలవకుండా ఉండాలి, అప్పుడు మా వారసుడెవడో వెళ్లి పదో రూపాయి తెచ్చుకుంటాడు. ఇరవై దాటాలంటే 27 కోట్ల పదాలు కావాలి. హద్దున్న శ్రేణి పద్దెనిమిది వారాల్లో ఇల్లు చక్కబెడుతుంది, హద్దులేని శ్రేణి నన్ను అడుక్కు తినమంటుంది. మర్నాడే వెళ్లి, సగాలే ఇప్పించండి మహాప్రభో అన్నాను.

అందుకే మాస్టారిని నేను పూర్తిగా తప్పుపట్టను. కాలిక్యులేటరు మీద పది నిమిషాలు కలిపి చూస్తే ఎవరికైనా ఆగినట్టే ఉంటుంది. కంటికి కనిపించినదాన్ని నమ్మకూడదనే కదా ఈ శాస్త్రం పుట్టింది. 1821లో ఫ్రెంచి గణితవేత్త కోషీ అభిసరణకు గట్టి నియమాలు పెట్టింది ఇందుకే.

పిల్ల ఊరుకోలేదు. మరుసటి తరగతిలో ఇంకో ప్రశ్న అడిగింది. హారంలో ఎక్కడైనా 9 అంకె ఉన్న పదాలన్నీ హరాత్మక శ్రేణిలోంచి తీసేస్తే మిగిలింది అభిసరిస్తుందని కెంప్నర్ అనే గణితవేత్త 1914లో చూపించాడు, మొత్తం 23 కూడా దాటదు. తొమ్మిదో వంతు, పంతొమ్మిదో వంతు లాంటివి నాలుగు తీస్తే అంత పెద్దది ఎలా కూలుతుంది అని అడిగింది. ఎంత చక్కని ప్రశ్న! పది అంకెల సంఖ్యల్లో సగానికి పైగా ఎక్కడో ఒక 9 ఉంటుంది, వంద అంకెల సంఖ్యల్లో 9 లేనిదాన్ని వెతికి పట్టుకోవాలి, కనక తీసేసింది నాలుగు కాదు, దాదాపు అంతా. రెండు నిమిషాల్లో చెప్పవచ్చు. మాస్టారు చెప్పింది: “సిలబస్‌లో లేదు. నువ్వు అనవసరంగా ఆలోచిస్తున్నావు. కూర్చో.” నలభై మంది నవ్వారట.

ఆ గది గోడ మీద రామానుజన్ పటం ఉంది. ప్లాస్టిక్ దండ, చుట్టూ మిణుకుమిణుకు దీపాలు. ప్రతి డిసెంబరు 22న కొబ్బరికాయ కొడతారు. ఆ పటంలో ఉన్నాయన ఈ ఊళ్లోనే పచ్చయ్యప్ప కళాశాలలో చదివి ఎఫ్.ఏ., అంటే అప్పటి ఇంటర్మీడియట్, తప్పారు. సిలబస్‌లో లేనిది ఆలోచించినందుకే తప్పారు! ఈ ఊళ్లోనే పోర్ట్ ట్రస్టులో నెలకు ముప్పై రూపాయల గుమాస్తాగా ఉంటూ కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి ఉత్తరాలు రాశారు. పటం కింద పెద్ద అక్షరాలతో రాయించారు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఇలా ఎడతెగకుండా అన్నీ కలిపితే మైనస్ పన్నెండో వంతు. ఆయన ఆ మాట 1913 ఫిబ్రవరి 27 నాటి ఉత్తరంలో రాసినప్పుడు ‘నా సిద్ధాంతం ప్రకారం’ అని చేర్చారు. ఇది వింటే మీరు నాకు పిచ్చాసుపత్రి దారి చూపిస్తారు అని కూడా రాసుకున్నారు. మామూలు అర్థంలో ఆ శ్రేణి అపసరిస్తుందని ఆయనకు తెలుసు. గోడకెక్కించిన వాళ్లకు తెలియదు. పెరుగుతూ పోయే పదాలు కలిపితే మైనస్ పన్నెండో వంతని గోడ మీద, తరుగుతూ పోయేవి కలిపితే ఆగుతాయని కీలో! ఈ రెండింటి మధ్య నిలబడి ‘ఎందుకు?’ అన్న పిల్లను కూర్చోబెట్టారు. ఏడాదికి అరవై వేలు పుచ్చుకుని కూర్చోబెట్టారు. ఆయన ఇప్పుడు ఆ బెంచీ మీద ఉంటే ఆయనకూ మూడో వంతు మార్కు కోసి, దండ మాత్రం గోడకు వేసేవారు. సిగ్గు లేదూ?

సరే. నిన్న తొమ్మిదో శుక్రవారం. పిల్లను కూడా నంగనల్లూరు తీసుకెళ్లాను. పెద్దాయన కాఫీ ఇచ్చి, 292 రూపాయల 97 పైసలు లెక్కపెట్టి చేతిలో పెట్టారు. “ఇంకా ఎందుకండీ ఎండలో తిరగడం? ఇక వచ్చేవన్నీ చిన్నవే కదా, వదిలెయ్యకూడదూ?” అన్నారు.

పిల్ల నోటుపుస్తకం తీసి ఆయన చేత సంతకం పెట్టించుకుంది. “వచ్చే వారం 146 రూపాయల 48 పైసలు, తాతగారూ. చిల్లర సిద్ధంగా పెట్టుకోండి” అంది.