చిరుత పెంట కడగడానికి ఎమ్మెస్సీ కావలెను

ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ నా ఫోన్లో ఇంకా ఉంది. కోపం చల్లారుతోందని అనుమానం వచ్చినప్పుడల్లా తీసి ఒకసారి చదువుకుంటాను. పడమటి కనుమల్లో, వానలు ఆగకుండా కురిసే చోట ఉన్న ఒక ఫీల్డ్ స్టేషన్‌కి, అంటే అడవి జంతువుల మీద పరిశోధన చేసే కేంద్రానికి, వాలంటీర్లు కావాలట. జువాలజీలోనో వైల్డ్‌లైఫ్ బయాలజీలోనో ఎమ్మెస్సీ, ఫస్ట్ క్లాసు తప్పనిసరి. రోజుకు 12 కిలోమీటర్లు కొండల్లో నడవగలగాలి. బైకు నడపడం రావాలి, కన్నడం వస్తే మరీ మంచిది, ల్యాప్‌టాపూ బైనాక్యులర్సూ ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. ఆరు నెలలు కదలమని రాసివ్వాలి. జీతం లేదు. మెస్ చార్జీలు మాత్రం రోజుకు 350 రూపాయలు, మూడు నెలలవి ముందే కట్టాలి. చిట్టచివర ఒక లైను: అడవి మీద ప్రేమ ఉన్నవాళ్ళే దరఖాస్తు చేసుకోండి.

ప్రేమ! కిటుకంతా ఆ మాటలోనే ఉంది. ఇంట్లో కొళాయి బాగుచేయడానికి వచ్చినవాణ్ణి "నీకు నీళ్ళంటే ప్రేమ లేదా నాయనా" అని అడిగి, మధ్యాహ్నం భోజనానికి మూడొందల యాభై పుచ్చుకుని పంపించి చూడండి, పానాతో ఎక్కడ కొడతాడో.

దీన్ని వెట్టిచాకిరీ అంటే తప్పు, నేను అనను. వెట్టిని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది, 1976లో దాని మీద ప్రత్యేకంగా చట్టం కూడా వచ్చింది. పైగా తెలంగాణ దొరల గురించి నేను చదివినంతలో, గడీలో పనికొచ్చినవాడి దగ్గర మూడు నెలల గంజి ఖర్చు అడ్వాన్సుగా కట్టించుకున్న దొర ఒక్కడూ తగల్లేదు. వాళ్ళకి ఆ ఆలోచన రాలేదు పాపం. ఎంతైనా చదువుకోలేదు కదా.

మా మేనకోడలు ఈ ప్రకటనకి దరఖాస్తు పెట్టింది. రెండు రౌండ్ల ఇంటర్వ్యూ చేశారు, అవును, ఉచితంగా పనిచేయడానికి రెండు రౌండ్లు, రెండో రౌండులో "ఐదేళ్ళ తర్వాత నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నావు" అని కూడా అడిగారట. జీతం వచ్చే చోట అని చెప్పకుండా పిల్ల నోరు అదుపులో పెట్టుకుంది, సెలెక్టయింది. ఆరు నెలల మెస్ చార్జీలు, రెండు విడతల్లో మొత్తం 63,000, నేనే కట్టాను. ఈ వ్యాసం రాసే హక్కు నాకు అంత ఖరీదుకి వచ్చిందని గమనించగలరు.

వెళ్ళిన వారానికి ఫోన్ చేస్తే మా అమ్మ స్పీకర్లో పెట్టమంది.

"ఏం చేస్తున్నావే బంగారం?"

"పెంట కడుగుతున్నా అమ్మమ్మా."

"ఎవరిదే?"

"చిరుతది."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మకి తెలిసిన లోకంలో ఒకరిది ఇంకొకరు కడిగేది చంటిపిల్లలకి, మంచం పట్టినవాళ్ళకి, అంతే. ఆ లెక్కలోనే ఆలోచించి, చాలా జాలిగా అడిగింది: "అయ్యో, దానికి ఒంట్లో బాలేదా?"

తిన్న కంచం సింకులో వేయమంటే మూతి ముడుచుకునే పిల్ల అది. ఇప్పుడేమో కాలిబాట మీద ఎక్కడ పెంట కనపడితే అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని, జీపీఎస్ పాయింటు తీసుకుని, కాగితం కవర్లో వేసి, మీద తేదీ రాసి, బంగారం కొట్లో నెక్లెస్ ప్యాక్ చేసినంత భక్తిగా తెస్తోంది. పని నిజంగా శాస్త్రీయమైనదే, ఆ మాట ఒప్పుకోవాలి. పెంటని ఎండబెట్టి జల్లెడలో వేసి నీళ్ళ ధార కింద కడిగితే మెత్తటిదంతా పోయి వెంట్రుకలు, ఎముక ముక్కలు, గిట్టలు మిగులుతాయి. ఆ వెంట్రుకల్ని స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తే లోపలి పొర అల్లికని బట్టి అది తిన్నది దుప్పినా, సాంబర్ జింకనా, కొండముచ్చునా, ఊళ్ళో కుక్కనా చెప్పొచ్చు. ఒక్కో పెంటకి ఇరవై వెంట్రుకలు చూడాలి. చిరుతని కంటితో చూడకుండానే దాని భోజనం మెనూ మొత్తం రాసేయొచ్చన్నమాట. ఆ చిరుతకి మెస్ చార్జీలు లేవని ఇక్కడ మనవి చేసుకుంటున్నాను.

అసలు సంగతి జల్లెడ దగ్గర వచ్చింది. స్టేషన్‌లో ఉన్న మంచి జల్లెడ చిరిగిపోయింది, కొత్తది కొనడానికి ఆ ఏడాది బడ్జెట్‌లో పద్దు లేదు, అందుకని మా పిల్ల సంతలో 40 రూపాయలు పెట్టి స్టీలుది, టీ వడకట్టేది, ఒకటి కొనుక్కుంది. సొంత డబ్బులే, మళ్ళీ చెప్పనక్కర్లేదు. రోజూ పనయ్యాక కడిగి ల్యాబ్ కిటికీలో ఆరబెట్టేది. ఒక ఆదివారం పెద్ద సైంటిస్టు గారు ఇద్దరు విదేశీ అతిథుల్ని వెంటపెట్టుకుని జీపు దిగారు. కరెంటు లేదు, వాన, వంటాయనకి తన జల్లెడ కనపడలేదు, చీకట్లో తడుముకుంటూ వెళితే కిటికీలో తళతళలాడుతూ ఒకటి కనపడింది. టీ అందరూ తాగారు. ఒక అతిథి అయితే ఇందులో ఏదో అడవి మూలిక వాసన ఉంది, ఎక్కడి టీ ఆకు ఇది అని రెండో కప్పు అడిగి మరీ తాగాడట. సైంటిస్టు గారు స్థానిక సంప్రదాయ విజ్ఞానం గురించి ఐదు నిమిషాలు మాట్లాడారట. మా పిల్ల మూలన నిలబడి, ఆ జల్లెడని గుర్తుపట్టి, తన కప్పు కిందపెట్టేసి, ఒక్క మాట మాట్లాడలేదు. రికమండేషన్ లెటర్ ఇంకా చేతికి రాలేదు మరి.

అక్కడితో అయిపోతే బాగుండేది. మర్నాడు అదే జల్లెడలో కడిగిన పెంటలోంచి నల్లగా, చుట్టుకుపోయిన ఆకు ముక్క ఒకటి బయటపడింది. సీనియర్ పరిశోధకుడు రెండు గంటలు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. మాంసాహార జంతువు ఈ ఆకు ఎందుకు తిన్నట్టు? పురుగులు పడిపోవడానికి తిని ఉంటుందా? ఆ ఆకు ఏమిటో మా పిల్లకి తెలుసు, వంటాయనకి తెలుసు, బహుశా చిరుతకీ తెలుసు. చివరికి డేటా షీటులో "గుర్తు తెలియని వృక్ష పదార్థం" అని నమోదైంది. ఇది చదువుతున్న భావి శాస్త్రవేత్తలకు నా విన్నపం: ఎప్పుడైనా ఏ పేపరులోనైనా పడమటి కనుమల చిరుతలు కొద్ది మోతాదులో ఆకులు తింటున్నట్టు కనపడితే దయచేసి నమ్మకండి, అది టీ పొడి, కిరాణా కొట్టులో పావుకిలో ప్యాకెట్టుది.

పెంట లేని రోజుల్లో ఫోటోలు. అడవిలో చెట్లకి కెమెరాలు కట్టి వదిలేస్తారు, ముందు ఏది కదిలినా అవే క్లిక్కుమంటాయి. 2022 జాతీయ పులుల లెక్కింపులో అలా వచ్చిన ఫోటోలు 4 కోట్ల 70 లక్షలు, అందులో పులి ఉన్నవి 97,399. మిగతావాటిలో ఏముంటాయో తెలుసా? దుప్పులు, పందులు, ఆవులు, ఆవుల వెనక మనుషులు, మరీ ముఖ్యంగా గాలికి ఊగిన గడ్డి. మా పిల్ల ఒకే గడ్డి దుబ్బు ఫోటోలు నెల రోజులు చూసింది. దానికి పేరు కూడా పెట్టుకుంది. ఇంటికొచ్చాక కూడా ఎదురింటి పూలకుండీ గాలికి కదిలితే ఉలిక్కిపడుతోంది.

చేరే రోజునే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, నాకేం జరిగినా స్టేషన్‌కి సంబంధం లేదని. ఇది కోతి జ్వరం ఉన్న ప్రాంతం, 1957లో ఆ జబ్బు బయటపడింది ఆ పక్క శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలోనే, పిడుదులు కుడితే వస్తుంది. రోజూ రాత్రి టార్చి వెలుగులో పిల్లలు ఒకళ్ళకొకళ్ళు మెడల మీద, చెవుల వెనక పిడుదులు ఏరుకుంటారు. ఇన్సూరెన్స్ ఉందా అని నేను ఫోన్ చేసి అడిగితే అవతలాయన చాలా నొచ్చుకున్నాడు. "డార్విన్ కూడా జీతం లేకుండానే వెళ్ళాడు సార్" అన్నాడు.

వెళ్ళాడు. 1831లో బీగిల్ అనే ఓడ ఎక్కి ఐదేళ్ళు తిరిగాడు, ఒక్క పైసా జీతం తీసుకోలేదు. ఎందుకంటే వాళ్ళ నాన్న డబ్బున్న డాక్టరు, అమ్మవైపు వాళ్ళు పింగాణీ సామాన్ల వ్యాపారంలో దేశంలోనే పేరున్నవాళ్ళు, ఖర్చంతా ఇంటి నుంచే. సార్, మరి వాలెస్ సంగతేంటి? పరిణామ సిద్ధాంతంలో డార్విన్‌కి సమానంగా నిలబడాల్సిన ఆ మనిషికి ఇంటి నుంచి పైసా రాదు. పట్టిన సీతాకోకచిలుకల్నీ పురుగుల్నీ లండన్‌లో ఏజెంటుతో అమ్మించుకుంటే తప్ప పూట గడవదు. 1852లో అమెజాన్ నుంచి వస్తుంటే ఓడ తగలబడి నాలుగేళ్ళ కష్టంలో చాలామటుకు సముద్రం పాలైంది. ఇద్దరిలో ఎవరి పేరు మా అమ్మకి కూడా తెలుసో చెప్పండి.

మా పిల్లతో పాటే సెలెక్టయిన ఇంకో పిల్ల ఉంది, క్లాస్‌మేటు, మా బద్వేలు వైపు. యూనివర్సిటీలో ఫస్టు వచ్చింది. వాళ్ళ నాన్న గొర్రెలు కాస్తాడు. సెలవుల్లో ఆయన వెనక అడవి పట్టుకు తిరిగిన పిల్ల, అడుగుజాడ చూసి నక్కదో కుక్కదో చెప్పేది, రాత్రి కూత విని పిట్ట పేరు చెప్పేది. ముందే కట్టాల్సిన 31,500 వాళ్ళ దగ్గర లేవు. నాన్న రెండు పొట్టేళ్ళు అమ్ముతానన్నాడు, ఈ పిల్ల వద్దంది. ఇప్పుడు ఒక కాలేజీలో బైపీసీ పిల్లలకి బొద్దింక జీర్ణవ్యవస్థ చెబుతోంది. రేపు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మా పిల్లకి ఫీల్డ్ అనుభవం ఆరు నెలలు ఉంటుంది, నేను కొనిపెట్టాను కాబట్టి. ఆ పిల్లకి ఇరవై రెండేళ్ళ అనుభవం ఉంది, రాయడానికి కాలమ్ లేదు. అడవి మీద ప్రేమ లేకనా ఆగిపోయింది? ఎవరికి ప్రేమ ఉందో మెస్ బిల్లు చూసి తేలుస్తారా మీరు? డబ్బుల్లేవు అంటారు, మొదటి వారంలోనే మద్దిచెట్టుకి తగులుకుని ఇప్పటికీ అక్కడే వేలాడుతున్న డ్రోనుకి ఎక్కణ్ణుంచి వచ్చాయి మరి? సిగ్గుండాలి.

పెంటలున్న చోటు మా పిల్లకి చూపించింది ఊళ్ళో ఒక పెద్దాయన. ఆయన లేకపోతే ఈ ఎమ్మెస్సీలందరూ కలిసి కుందేలు పెంట కూడా కనిపెట్టలేరని అదే చెప్పింది. ఆయనకి రోజు కూలి, వాన పడి పని ఆగితే అదీ లేదు. పేపరు వస్తే చివర్లో "ఫీల్డ్ అసిస్టెంట్లకు కృతజ్ఞతలు" అని, పేరు కూడా లేకుండా. మా కడప జిల్లాకి ఈ కథ కొత్తేం కాదు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదని లోకం చేతులు దులుపుకున్న కలివికోడి అనే పిట్ట 1986 జనవరిలో లంకమల కింద మళ్ళీ దొరికింది. దాన్ని ప్రాణంతో పట్టుకొచ్చి చేతిలో పెట్టింది ఆ పక్క ఊరి మనిషే. కలివి పొదల్లో తిరుగుతుందని దానికి పేరు పెట్టుకున్నదీ ఆ ఊళ్ళవాళ్ళే. ఇంగ్లీషులో మాత్రం దాని పేరులో ఉన్నది దాన్ని మొదట సేకరించి శాస్త్రలోకానికి చూపించిన జెర్డన్, తెల్లవాళ్ళ సైన్యంలో డాక్టరు.

మా పిల్లకి అక్కడ నచ్చింది, అదే నా ఏడుపు. పొద్దున్నే మంచులో మలబారు విజిలింగ్ త్రష్ పిట్ట ఈల వేస్తుంటే జీతం గుర్తు రాదు మామయ్యా అంటుంది. నిజమే అయ్యుంటుంది. రికమండేషన్ లెటర్ కూడా వచ్చింది, అందులో మా పిల్ల పేరులో ఒక అక్షరం తప్పు, పైగా "అతను చాలా కష్టపడతాడు" అని రాశారు. సరిచేయమని మెయిల్ పెడితే మూడు వారాలకి జవాబు వచ్చింది. లెటర్ గురించి ఒక్క ముక్క లేదు. వచ్చే సీజనుకి మళ్ళీ వాలంటీర్లు కావాలని, పాతవాళ్ళకి మెస్ చార్జీల్లో పది శాతం తగ్గింపు అని ఉంది.

పిల్ల బ్యాగు సర్దుతోంది. ఈసారి జల్లెడలు రెండు కొనిచ్చాను, ఒకదాని మీద పెయింటుతో "టీ" అని కూడా రాయించాను.