వేలంలో కొన్న ఇంట్లో మనుషులుంటే

విశాఖలో ఇల్లు కొనాలనుకునే మన ఎన్నారై సభ్యులు ఈమధ్య, అప్పు తీర్చనివాళ్ల ఇళ్లను అమ్మే బ్యాంకు వేలం ప్రకటనలు ఎక్కువగా చూస్తున్నారు. ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో మార్కెట్ రేటు కంటే తక్కువకు ఫ్లాట్ వస్తుందంటే ఆశ పుట్టడం సహజమే. ఎన్నారైలు వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు గానీ ఇల్లు, ఫ్లాట్ నిక్షేపంగా కొనుక్కోవచ్చు. అసలు చిక్కు ఆ ఇంట్లో ఉంటున్న కుటుంబంతో వస్తుంది.

ప్రకటనలో 'సింబాలిక్ పొజిషన్' (పేరుకు మాత్రమే స్వాధీనం) అని ఉందంటే, బ్యాంకు ఆ ఇంటి తలుపుకు నోటీసు అంటించి పేపర్లో వేయించిందన్నమాట. లోపల మనుషులు వంట చేసుకుంటూనే ఉంటారు. అమ్మేది ఉన్నది ఉన్నట్టుగా. పాడిన ధరలో పాతిక శాతం వెంటనే కట్టాలి. మిగతాది కట్టడానికి సేల్ ఖరారయ్యాక మామూలుగా 15 రోజులే గడువు. అంతా కట్టినా తాళంచెవి చేతికి రాకపోవచ్చు.

అప్పుడు మొదలవుతుంది టెన్షన్. గాజువాకలో ఉన్న బావమరిదికి ఫోన్ చేసి "ఎలాగోలా ఖాళీ చేయించరా" అంటారు. ఆయన నలుగురిని వెంటేసుకుని వెళ్తాడు, కరెంటు తీయిస్తాడు, నీళ్లు ఆపిస్తాడు. ఇది అన్యాయం, మనవాళ్లెవరూ చేయకూడని పని. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం, ఇలా గెంటించుకున్నవాళ్లు ఆరు నెలల్లోగా దావా వేసి మళ్లీ ఆ ఇంట్లోకి రావచ్చు. ఇల్లు ఎవరి పేరున ఉందన్నది ఆ దావాలో అడ్డం రాదు. పోలీసు కేసైతే స్టేషన్ చుట్టూ తిరిగేది ఊళ్లో ఉన్న బావమరిదే.

ఖాళీ చేయించే పని బ్యాంకుతోనే చేయించాలి. బ్యాంకులు తాకట్టు ఆస్తిని అమ్మి బాకీ రాబట్టుకునే 2002 నాటి సర్ఫేసీ చట్టం 14వ సెక్షన్ కింద బ్యాంకు జిల్లా కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 30 రోజుల్లో, ఆలస్యమైతే కారణాలు రాసిపెట్టి మొత్తం 60 రోజుల్లోపు ఉత్తర్వు ఇవ్వాలని చట్టం అంటోంది. అది కాగితం మీది లెక్క, ఆచరణలో ఇంకా సాగుతుంది. అందుకే వేలంలో పాడే ముందే, ఇల్లు ఖాళీ చేసి అప్పగిస్తారా అని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. స్పష్టమైన జవాబు రాకపోతే ఆ ఇల్లు వదిలేయండి, ఎంత చవకైనా సరే.

అద్దెకున్నవాళ్ల సంగతి నాకు మరీ బాధగా ఉంటుంది. వాళ్లు అప్పు చేయలేదు, ఎగ్గొట్టలేదు, నెలనెలా అద్దె కట్టుకుంటూ వచ్చారు. తాకట్టుకు ముందే చెల్లుబాటయ్యే అద్దె ఒప్పందం ఉన్నవాళ్లకు రక్షణ ఉందని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. తమ హక్కు కోసం వాళ్లు బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్ (డీఆర్‌టీ)కి వెళ్లేలా 2016లో చట్టాన్ని సవరించారు. ఆ ట్రిబ్యునల్ విశాఖలోనే ఉంది. కాబట్టి ఇంట్లో ఉన్నది యజమానా, అద్దెవాళ్లా అని ముందే కనుక్కోవాలి.

వాళ్లతో మర్యాదగా మాట్లాడితే చాలాసార్లు దారి దొరుకుతుంది. పిల్లల పరీక్షలు అయ్యేదాకా గడువు ఇవ్వండి. కొత్త ఇంటి అడ్వాన్సుకు, సామాను తరలించడానికి కొంత డబ్బు ఇస్తామని చెప్పండి. వేలంలో అంత మిగిలిందనుకుంటున్న మనకు అది భారం కాదు. ఒప్పుకున్నది కాగితం మీద పెట్టించి, బ్యాంకు అధికారి ఎదుట తాళాలు తీసుకుని, డబ్బు అప్పుడే వాళ్ల చేతికివ్వండి.