డైపర్డ్ చీర

మా బాబాయిది పోచంపల్లి ఇక్కత్ చీరల కొట్టు. "ఎమ్మే ఇంగ్లిష్ చదివావు కదరా, ఆన్‌లైన్‌లో ఫొటోల కింద నాలుగు ముక్కలు రాసిపెట్టు" అన్నాడు. ఇరవై చీరలు. పందొమ్మిదింటికి 'ఎలిగెంట్', 'బ్యూటిఫుల్' అని లాగించేశాను. ఇరవయ్యోది మాత్రం మెరూన్ మీద తెల్లటి డైమండ్ గళ్ళు, ఒక్కో గడిలో మళ్ళీ బుల్లి గడి, కొంగు దాకా అదే వరస, పైగా ఇక్కత్ కదా, గీతల దగ్గర రంగు కాస్త చెదిరి గళ్ళన్నీ సన్నగా వణుకుతున్నట్టున్నాయి. దీనికి 'నైస్ డిజైన్' అని రాయడానికి చెయ్యి రాలేదు. డిక్షనరీ తిరగేస్తే దొరికింది: డైపర్డ్. డైమండ్లో చదరాలో, ఒకే చిన్న నమూనా వరసగా పరుచుకున్న అలంకరణ అని అర్థం. లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ చర్చి లోపలి గోడల మీది చెక్కడాన్నీ, హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో ఎర్రిటుకల మధ్య నల్లటి ఇటుకలతో పేర్చిన గళ్ళనీ ఈ మాటతోనే వర్ణిస్తారు. రాజుగారి గోడకి పనికొచ్చింది మన చీరకి పనికిరాదా అనుకుని 'డైపర్డ్ సిల్క్ శారీ' అని పెట్టేసి హాయిగా పడుకున్నా.

తెల్లారేసరికి అమెరికా నుంచి ఒకావిడ బాబాయికి ఫోన్.

"మా అత్తగారికి ఎనభై దాటాయండీ. ఇలాంటిదొకటి వచ్చిందని ఇప్పుడే చూశా. ఎన్ని గంటలు ఆగుతుంది?"

"పొద్దున కడితే రాత్రి దాకా ఢోకా లేదమ్మా" అన్నాడు బాబాయి ధీమాగా.

"తడిస్తే?"

"తడవనివ్వకూడదమ్మా! డ్రై క్లీనింగే."

"రోజూ డ్రై క్లీనింగా?"

ఇంకో రెండు మాటలకి ఇద్దరికీ విషయం అర్థమైంది. మూడోది నాకు పడింది.

నేను ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు. అసలు డైపర్ అంటే ముందు ఆ చిన్న గళ్ళ నేతకీ, ఆ గుడ్డకీ పేరనీ, ఆ గుడ్డ పసిపిల్లలకి కట్టబట్టే పేరు పిల్లల దాకా వెళ్ళిందనీ, ఇంగ్లండ్‌లో ఇప్పటికీ దాన్ని న్యాపీ అనే అంటారనీ క్లాసు పీకాను. "ఈ చరిత్రంతా చీరకి చీటీ కట్టి పంపించాలా?" అన్నాడు బాబాయి.

చిక్కుడుకాయలు వలుస్తున్న నాయనమ్మ తలెత్తకుండానే, "అందులో వింతేముందిరా, నీకు రెండేళ్ళొచ్చేదాకా మీ అమ్మ పాత నూలు చీరలు చింపి కట్టింది నీకు" అంది, కొట్టులో కుర్రాళ్ళందరూ వింటుండగా.

ఆ పూటే 'డైమండ్ డిజైన్' అని మార్చేశాను. ఏం లాభం, కొట్లో బేరానికొచ్చినవాళ్ళ ముందే "ఆ డైపర్ చీర ఇటు పడెయ్" అని కేకలేసుకుంటున్నారు, బాబాయేమో ప్రతిసారీ గట్టిగా దగ్గుతున్నాడు.