ర్యాంకు కార్డుకు వివరణ జతచేయాలి

జేఈఈ మెయిన్ ఫలితాలు వచ్చినప్పుడల్లా శ్రీకాకుళం డే అండ్ నైట్ కూడలి మొదలు విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సు దాకా పర్సంటైళ్ల ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఆ అంకెలు ఏం చెబుతున్నాయో పలాస జీడి పరిశ్రమల్లోనో, భోగాపురం పొలాల్లోనో కష్టపడి ఫీజులు కడుతున్న తల్లిదండ్రులకు విడమరచి చెప్పేవారు మాత్రం కరవయ్యారు.

300 మార్కుల ఆ పరీక్షలో 90 పర్సంటైల్ వచ్చిందంటే 270 మార్కులు వచ్చాయని కాదు. అదే షిఫ్టులో రాసినవారిలో 90 శాతం మంది మార్కులు ఆ విద్యార్థి మార్కులకు మించలేదని అర్థం. పది లక్షల మంది రాసిన పరీక్షలో ఆ విద్యార్థి కంటే ముందు ఇంకా దాదాపు లక్ష మంది ఉంటారు. ప్రశ్నపత్రం ఒక షిఫ్టులో తేలికగా, మరో షిఫ్టులో కఠినంగా ఉండవచ్చు గనుక, పరీక్ష నిర్వహించే జాతీయ పరీక్షల సంస్థ (ఎన్టీఏ) 2019 నుంచి ఈ పద్ధతిని పాటిస్తోంది. అందులో సబబు ఉంది.

చిక్కల్లా ఇదే కొలమానాన్ని కళాశాలలు తమ వారాంతపు పరీక్షలకూ తెచ్చి, దానితోనే పిల్లలను సెక్షన్లుగా విడదీయడంలో ఉంది. మధ్యస్థాయి మార్కుల దగ్గర విద్యార్థులు కిక్కిరిసి ఉంటారు; అక్కడ ఒకటి రెండు ప్రశ్నలు తప్పితే చాలు, పర్సంటైల్ 62 నుంచి 55కు జారిపోవచ్చు. అదే పైమెట్టు మీద, 99 నుంచి 99.5కు చేరాలంటే చాలా మార్కులు అదనంగా తెచ్చుకోవాలి. జ్వరంతో రాసినా, ఊహించి గుర్తించిన జవాబులు ఒకరోజు కలిసివచ్చినా మారిపోయే అంకెను చూసి పదహారేళ్ల పిల్లను కింది సెక్షనుకు పంపడం అన్యాయమని మేము గట్టిగా భావిస్తున్నాము. పైగా ఏరికోరి చేర్చుకున్న బ్యాచీలో 50 పర్సంటైల్ తెచ్చుకున్న విద్యార్థి జాతీయ స్థాయిలో ఎంతో ముందుండవచ్చు. తరగతి అంతా మెరుగుపడినప్పుడు తానూ మెరుగుపడిన విద్యార్థి పర్సంటైల్ అక్కడే ఉండిపోతుంది. ఆ విద్యార్థి కొత్తగా నేర్చుకున్నది కళాశాల ఇచ్చే ర్యాంకు కార్డులో ఎక్కడా కనిపించదు.

కాబట్టి ప్రతి ర్యాంకు కార్డులో పర్సంటైల్ పక్కనే సబ్జెక్టులవారీ అసలు మార్కులు, పరీక్ష రాసినవారి సంఖ్య, విద్యార్థి వెనకబడిన పాఠ్యాంశాలు ఉండాలి. వాటిని తల్లిదండ్రుల సమావేశంలో అధ్యాపకులే వివరించాలి. ఒక్క పరీక్షతో సెక్షన్ మార్చే అలవాటును రెండు జిల్లాల ఇంటర్ విద్యాధికారులు ఈ విద్యాసంవత్సరంలోనే ఆపించాలి.