సీరియల్‌కి సినిమా లుక్ ఇస్తే బాగుపడుతుందా?

ఈ మధ్య చాలామంది షేర్ చేస్తున్న వాదన ఇది: "మన డైలీ సీరియళ్ళు చవకబారుగా కనిపించడానికి కారణం వీడియో లుక్. ఫ్రేమ్ రేట్ సినిమాలా తగ్గించండి, కలర్ గ్రేడింగ్ (తీశాక రంగులూ వెలుగూ సర్దడం) చెయ్యండి, పైనా కిందా నల్ల పట్టీలు పెట్టండి. కెమెరాలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి ఖర్చు లేదు. వెబ్ సిరీస్‌లకి అలవాటుపడ్డ జనం ఇక పాత లుక్ చూడరు." పక్కనే ఒక పోలిక క్లిప్ పెడతారు. ఎడమవైపు సీరియల్ షాట్, కుడివైపు అదే షాట్ సినిమా లుక్‌లో. కుడివైపుదే బాగుంటుంది, ఒప్పుకుంటాను. మిగతా వాదనలో మాత్రం నిలబడేది తక్కువ.

"ఫ్రేమ్ రేట్ తగ్గిస్తే సినిమా అయిపోతుంది"

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు. అది అందం కోసం పుట్టిన లెక్క కాదు. 1920ల చివర్లో సినిమాకి మాటలొచ్చాయి. ఫిలిం అంచున ముద్రించిన శబ్దం సరిగ్గా వినపడాలంటే వేగం తగినంత ఉండాలి, మరీ పెంచితే ఫిలిం ఖర్చు. ఆ బేరంలో తెగిన అంకె 24. మన టీవీ ప్రసారానిది వేరే దారి. సెకనుకు 50 ఫీల్డులు, అంటే సగం సగం బొమ్మలు: బొమ్మలోని అడ్డగీతల్లో ఒకసారి బేసి గీతలు, ఇంకోసారి సరి గీతలు. కదలిక సెకనుకు 50 సార్లు నమోదవుతుంది గనకే సీరియల్ మన ఎదురుగా ఇప్పుడే జరుగుతున్నట్టుంటుంది.

దాన్ని 25కి దించితే కదలికలో సగం క్షణాలు పోతాయి. ముందే షూట్ చేసిన వీడియోని తరవాత మార్చేవాళ్ళు చౌక పద్ధతిలో ఒక ఫీల్డుని పారేస్తారు, దాంతో బొమ్మలో వివరం కూడా పోతుంది. ఇప్పుడు మన సీరియల్‌లో నిత్యం ఉండే షాట్ తీసుకోండి. హాల్లో ఉమ్మడి కుటుంబమంతా వరసగా నిలబడి ఉంటుంది, కోడలు ఏదో అంటుంది, కెమెరా అత్తగారి దగ్గర మొదలై ఆడపడుచు దాకా అందరి ముఖాల మీదుగా జరుగుతుంది. 50 ఫీల్డుల్లో అది నున్నగా సాగుతుంది. 25 ఫ్రేముల్లో, అదే వేగంతో, ముఖాలు అదురుతాయి. సినిమా కెమెరామన్‌లు అందుకే కెమెరాని ఆచితూచి తిప్పుతారు. పోలిక క్లిప్‌లో ఇలాంటి షాట్ చూపించరు. కదలని క్లోజప్ ఒకటి చూపించి వదిలేస్తారు.

"కెమెరాలు ఉన్నాయి, ఖర్చు లేదు"

ఈ మాట అన్నవాళ్ళు సీరియల్ సెట్‌లో ఒక్క పూట కూడా నిలబడి ఉండరు. సినిమా లుక్‌లో ఎక్కువ భాగం లైటింగ్. సినిమాలో మామూలుగా ఒక కోణానికి లైట్లు సర్దుతారు, కోణం మారితే మళ్ళీ సర్దుతారు. రోజంతా కష్టపడితే రెండు మూడు నిమిషాల సినిమా తేలుతుంది. డైలీ సీరియల్‌కి వారానికి ఐదారు ఎపిసోడ్లు కావాలి, ప్రకటనలు పోను ఒక్కోటి ఇరవై నిమిషాల పైచిలుకు. అంటే దాదాపు రోజుకో ఎపిసోడ్ తీయాలి. అందుకే రెండు మూడు కెమెరాలు ఒకేసారి నడుస్తాయి, ఏ కెమెరాకి ఏ ముఖం దొరికినా నీడ పడకుండా సెట్ అంతా వెలుతురు నింపేస్తారు. మనం చవక అనుకునేది ఆ చప్పిడి వెలుతురుని.

నమ్మకం లేకపోతే 1951లో మొదలైన అమెరికన్ కామెడీ 'ఐ లవ్ లూసీ' చూడండి. అది నిజమైన 35 ఎంఎం ఫిలిం మీదే తీశారు. కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్, జర్మనీలో 'మెట్రోపొలిస్' అనే పేరున్న సినిమాకి పనిచేసిన మనిషి. కానీ ఇక్కడ మూడు కెమెరాలు, ఎదురుగా ప్రేక్షకులు. మధ్యలో ఆపి షాట్‌కో తీరున లైట్లు మార్చే వీల్లేదు. ఆయనైనా ఏం చేస్తాడు, వెలుతురుని సెట్ అంతటా సమంగా పరిచాడు. ఫిలిమూ ఉంది, 24 ఫ్రేములూ ఉన్నాయి, చెయ్యి తిరిగిన కెమెరామనూ ఉన్నాడు. అయినా అది కామెడీ షోలానే కనిపిస్తుంది. ఇక గ్రేడింగ్ అంటారా, సెట్‌లో పడని నీడని ఆదరాబాదరా గ్రేడింగ్ ఎక్కడినుంచి తెస్తుంది? మొత్తం బొమ్మని నల్లబరుస్తుంది, అంతే.

"వీడియో అంటేనే నాసిరకం"

ఈ వాదనకి ఒక మంచి సాక్ష్యం ఉంది, వాళ్ళ తరఫున నేనే చెబుతాను. అమెరికన్ టీవీ సిరీస్ 'ద ట్విలైట్ జోన్' రెండో సీజన్‌లో ఖర్చు తగ్గించడానికి ఆరు ఎపిసోడ్లు వీడియో టేపు మీద తీశారు, తరవాత ఆ ప్రయోగం మానేశారు. నిజమే. కానీ అప్పట్లో టేపు ఎడిటింగ్ నరకం, కథ స్టూడియో దాటి బయటికి వెళ్ళడం కష్టం. ఇబ్బంది పెట్టింది ప్రధానంగా అవి. అంత ఇబ్బందిలోనూ 1960 క్రిస్మస్‌కి వేసిన ఎపిసోడ్ ఆ ఆరింటిలోదే, దాన్ని ఇష్టపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇటువైపు బీబీసీ 'ఐ, క్లాడియస్' ఉంది, 1976. రోమన్ సామ్రాజ్యం కథంతా స్టూడియోలో, వీడియో టేపు మీద. యుద్ధాలు లేవు, గుర్రాల దండు లేదు. గదుల్లో మనుషులు ఒకళ్ళ మీద ఒకళ్ళు కుట్రలు పన్నుకుంటారు. బ్రిటిష్ టీవీలో గొప్ప నాటకాల జాబితా ఎవరు వేసినా దాన్ని వదలడం కష్టం. గదిలో జరిగే గొడవకి ఆ ప్రత్యక్షపు లుక్ బాగా నప్పుతుంది. మన సీరియళ్ళలో నూటికి తొంభై పాళ్ళు గదిలో గొడవలే కదా.

"నల్ల పట్టీలు పెడితే రిచ్‌గా ఉంటుంది"

మామూలు 16:9 టీవీ మీద 2.35 నిష్పత్తి బొమ్మ (ఎత్తుకి 2.35 రెట్లు వెడల్పున్నది) వేస్తే ఎత్తులో దాదాపు నాలుగో వంతు పోతుంది. ముప్పై రెండు అంగుళాల టీవీ ఉన్నవాళ్ళకి ఇదేం లాభమో నాకు అర్థం కాదు.

"ప్రేక్షకులు ఇదే కోరుకుంటున్నారు"

సాయంత్రం వంటింట్లోంచి ఒక చెవి, ఒక కన్ను టీవీ మీద వేసి చూసే ఆవిడకి చీకటి గ్రేడింగ్ కావాలా? హాల్లో ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే ఆ నీడలు కనపడనే కనపడవు. బోలెడు డబ్బు పోసి తీసిన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లోనే, 2019 ఏప్రిల్‌లో వచ్చిన రాత్రి యుద్ధం ఎపిసోడ్‌కి, ఏమీ కనపడట్లేదని జనం మొత్తుకున్నారు.

ఇంకో సంగతి. చాలా కొత్త టీవీల్లో కదలికని నున్నగా చేసే సెట్టింగ్ కంపెనీ నుంచే ఆన్‌లో వస్తుంది. మధ్యలో లేని ఫ్రేములు పుట్టించి సినిమాని కూడా సీరియల్‌లా చూపిస్తుంది. దాన్ని ఆపెయ్యమని 2018 డిసెంబరులో హాలీవుడ్ హీరో టామ్ క్రూజ్ ఏకంగా వీడియో పెట్టాడు. 2019లో పరిశ్రమవాళ్ళు అలాంటివి ఆపేసే ఫిల్మ్‌మేకర్ మోడ్ అనే టీవీ సెట్టింగ్‌ని ప్రకటించాల్సి వచ్చింది. అయినా ఆ సెట్టింగ్ జోలికి వెళ్ళని ఇళ్ళు ఎన్నో. మీరు కష్టపడి తగ్గించిన ఫ్రేములని ఆ టీవీలు మళ్ళీ పెంచేస్తాయి.

వెబ్ సిరీస్‌తో పోలిక కూడా కుదరదు. అక్కడ సీజన్‌కి ఎనిమిదో పదో ఎపిసోడ్లు, వాటికి నెలల షూటింగ్. అలా తీసే కథకి సినిమా లుక్ హాయిగా ఇవ్వొచ్చు, ఎవరు కాదంటారు? డైలీ సీరియల్‌కి కూడా అదే కావాలంటే వారానికి ఆరు ఎపిసోడ్లు మాని ఒకటో రెండో చెయ్యమని అడగండి. అప్పుడు లైట్లు సర్దుకునే టైమ్ దొరుకుతుంది, నటులకి రెండో టేక్ దొరుకుతుంది. ఛానళ్ళు ఒప్పుకోవు. తగ్గించిన ప్రతి అరగంటతో పాటు అందులో అమ్ముకునే ప్రకటనలూ పోతాయి మరి.