పడవ కూతకు అర్థం తెలియాలి

మంచు కమ్మిన జనవరి ఉదయం. కృష్ణలో భవానీ ద్వీపం కొస దగ్గర ఒక జాలరి వల తీస్తుంటాడు. ఎక్కడో ఇంజన్ చప్పుడు. దగ్గరపడుతోందని తెలుస్తుంది, ఏ వైపు నుంచో తెలియదు. వల వదిలేసి తెడ్డుతో పడవ అంచును టకటకా కొడతాడు. జవాబుగా ఒక్క కూత రాదు.

రోడ్డు మీద హారన్ అంటే తప్పుకోమని గదమాయింపు. మన సరంగుల్లో చాలామంది దాన్ని అలాగే మోగిస్తున్నారు. నీటి మీద మాత్రం ప్రతి కూతకూ అర్థం ఉంది. నౌకలు ఢీకొనకుండా 1972లో కుదిరిన అంతర్జాతీయ నిబంధనల ప్రకారం సెకను పాటు వేసే చిన్న కూత ఒకటైతే ‘కుడికి తిప్పుతున్నాను’, రెండైతే ‘ఎడమకు’, మూడైతే ‘ఇంజన్‌ను వెనక్కి నడుపుతున్నాను’ అని. అయిదు, అంతకు మించి గబగబా వేస్తే ‘నీ వాలకం నాకు అర్థం కావడం లేదు, ప్రమాదం’ అని హెచ్చరిక. అవతలి వైపు కనబడని మలుపులో నాలుగు నుంచి ఆరు సెకన్ల పొడవు కూత వేయాలి. విన్న ఎదుటి పడవ అదే కూతతో బదులివ్వాలి. మంచులో సాగే మర పడవ రెండు నిమిషాలకు ఒకసారైనా పొడవు కూత వేస్తూనే ఉండాలి. 12 మీటర్ల లోపు పడవకు పెద్ద హారన్ తప్పనిసరి కాదు గానీ, గట్టిగా వినిపించే సాధనం ఏదో ఒకటి ఉండి తీరాలి.

అమెరికా తన నదులకు, కాలువలకు ఈ పద్ధతిని కొంత మార్చుకుంది. అక్కడ ఎదురెదురుగా వచ్చే మర పడవల్లో ఒకటి ఒక చిన్న కూత వేస్తే, ‘నువ్వు నా ఎడమ పక్కగా వెళ్లేలా దాటదామనుకుంటున్నాను’ అని అడిగినట్టు. అవతలి వారు ఒప్పుకుంటే అదే కూత తిరిగి వేస్తారు, సందేహముంటే అయిదు వేస్తారు. రేడియోలో ముందే మాట్లాడుకుంటే కూత అక్కర్లేదు. మాకు నచ్చింది ఆ జవాబు. విన్నానని చెప్పడం కూడా అక్కడ నిబంధనే.

2017 నవంబరు 12, కార్తీక మాసపు ఆదివారం, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. అది కూత లేక జరిగిన ప్రమాదం కాదు. అనుమతి లేని పడవలో పరిమితికి మించి జనాన్ని ఎక్కించారు. ఆ దుఃఖం తరువాతే లైఫ్ జాకెట్ల గురించి, ఎందరిని ఎక్కించాలన్న దాని గురించి రేవుల్లో పట్టింపు పెరిగింది. తరువాతి పాఠం కోసం మరో ప్రమాదం దాకా ఆగాలా? పర్యాటకుల పడవలు, ఇసుక పడవలు, స్పీడు బోట్లు, తెడ్డు పడవలు అన్నీ ఒకే నీటిలో తిరుగుతున్నాయి. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో వచ్చిన అంతర్గత జలమార్గాల నౌకల చట్టం, ప్రయాణ భద్రతకు కావలసిన సంకేతాలు, పరికరాలు నౌకలకు ఉండాలని చెబుతోంది. చట్టం రేవు దాకా రావాలి.

సరంగుకు లైసెన్సు ఇచ్చేటప్పుడు కూతలన్నీ వేయించి, వాటి అర్థం తెలుగులోనే అడగాలి. పున్నమి ఘాట్‌లో, ప్రతి రేవులో ఆ అర్థాలను పెద్ద అక్షరాలతో రాయించాలి. పడవలో సినిమా పాటల హోరు ఎదుటి కూతను మింగేయకూడదు; ద్వీపం మలుపుల్లోనైనా పాట ఆపించాలి. పడవ కదిలే ముందు జాకెట్లు లెక్కపెట్టే సిబ్బందే హారన్ కూడా మోగించి చూస్తే అరనిమిషం పని. వనభోజనాల రద్దీ మొదలయ్యే కార్తీకానికి ముందే ఇవి జరగాలని కోరుతున్నాం.

జాలరులకు మెడలో వేసుకునే ఈలలు ఇవ్వండి, ఆ అయిదు కూతలు నేర్పండి. తెడ్డు చప్పుడు ఇంజన్ హోరును దాటి ఎంత దూరం పోతుంది?